కట్టల మీదుగా బెజ్జంకి

సిద్దిపేట నుంచి కరీంనగర్‌కు రాజీవ్ రహదారి మీద పోతున్నప్పుడు, శనిగరం దాటినాక ఎడమ దిక్కు చూస్తే బండగుట్టలు ఒకదాని వెనుక ఒకటి కనిపిస్తాయి. ఆ గుట్టల నడుమ ఉన్నది బెజ్జంకి. గుట్ట మీద లక్ష్మీనరసింహస్వామి, గుట్ట కింద ఊరు, ఊరి చుట్టూ చెరువులు, చెరువుల కింద వరి పొలాలు. 2016 అక్టోబరు దాకా ఇది కరీంనగర్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. కారులో పోయేవాళ్లకు బెజ్జంకి క్రాస్‌రోడ్డు బోర్డు ఒక్క క్షణం కనిపించి మాయమవుతుంది. ఆ బోర్డు దగ్గర రహదారి దిగి, సైకిల్‌ను పడమటికి తిప్పినవాళ్లకు వేరే లోకం తెరుచుకుంటుంది. ఇల్లంతకుంట దిక్కు, చిన్నకోడూరు దిక్కు, పెద్ద రోడ్డు ముఖం చూడకుండా రెండు మూడు రోజులు తిరిగే వీలున్న నేల ఇది. ఈ పూట నేను మీతో మాట్లాడదలచుకున్నది ఆ దారుల గురించి.

మోటారు బండ్ల బెడద లేని సైకిల్ దారి అనగానే చాలామందికి పెద్ద ఖర్చు గుర్తొస్తుంది. హైదరాబాద్‌లో అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న ప్రారంభమైన సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లు. పైన సోలార్ పలకల కప్పు, కింద నున్నటి దారి, రాత్రిళ్లు దీపాలు. మహానగరానికి అది కావలసిందే. బెజ్జంకి చుట్టుపక్కల మాత్రం అలాంటిదేదీ కట్టనక్కరలేదు. ఇక్కడ బండ్లు నడిచిన బాటలు ఉన్నాయి, నీళ్లు నడిచే కాలువల కట్టలు ఉన్నాయి, ఊరికీ ఊరికీ నడుమ రోజుకు నాలుగు ఆటోలు కూడా తిరగని తారు రోడ్లు ఉన్నాయి. వీటిని ఒకదానితో ఒకటి కలిపి, మలుపుల దగ్గర గుర్తులు పెట్టి, లారీలు రాకుండా చూసుకుంటే చాలు. ఇది కుదిరే పని అని నా గట్టి నమ్మకం. ఎందుకు కుదురుతుందో నేల స్వభావం నుంచి మొదలుపెట్టి చెబుతాను.

గుట్టల ప్రాంతం అంటే సైకిల్‌కు కష్టం అనుకుంటాం. తూర్పు కనుమల్లో అది నిజం. అరకు పోవాలంటే ఘాట్ ఎక్కక తప్పదు. ఇక్కడి గుట్టలు వేరు. దక్కన్ పీఠభూమి అడుగున ఉన్న ఈ రాయి వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మెత్తని భాగం ఎండకూ వానకూ అరిగి, పొడై, చెలకలుగా మారింది. గట్టి భాగం మాత్రం గుట్టలుగా మిగిలింది. అందుకే ఇక్కడ గుట్ట దేనికది విడిగా నిలబడి ఉంటుంది. రెండు గుట్టల నడుమ నేల దాదాపు చదును. దారి గుట్టను ఎక్కదు, పాదం చుట్టి పోతుంది. అక్కడక్కడా నెమ్మదిగా లేచే ఎక్కుడు, అంతే నెమ్మదిగా జారే దిగుడు. గేర్లు లేని మామూలు సైకిల్‌తోనే ఈ దారులన్నీ తిరగవచ్చు. పాలక్యాన్లు, గడ్డిమోపులు కట్టుకుని ఈ ఊర్ల మనుషులు ఇన్నేళ్లూ తిరిగింది అలాంటి సైకిళ్ల మీదనే.

ఈ సంగతి అందరికంటే ముందు తెలిసింది ఎడ్లబండి తోలినవాళ్లకు. బరువున్న బండితో ఎడ్లు నిటారు ఎక్కుడు ఎక్కలేవు. అందుకని బండ్ల బాట ఎప్పుడూ నేల ఎక్కడ మెల్లగా వాలుతుందో అక్కడి నుంచే పోతుంది. చైత్రమాసంలో బెజ్జంకి జాతర జరుగుతుంది. బస్సులు, ట్రాక్టర్లు లేని కాలంలో చుట్టుపక్కల ఊర్ల జనం పిల్లాజెల్లతో, వంటసామానుతో బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. ఏ దిక్కు ఊరి నుంచి వచ్చినా బండి బోల్తా పడకుండా గుట్ట కిందికి చేరే బాట ఒకటి ఉండేది. అందులో కొన్ని తారు రోడ్లయ్యాయి. కొన్ని పొలాల్లో కలిసిపోయాయి. ఇంకా కొన్ని డొంకలుగా మిగిలి, రెండు పక్కలా తంగేడు, పరికి పొదల నడుమ ట్రాక్టరు ఒకటి పట్టేంత వెడల్పుతో ఉన్నాయి. సైకిల్ యాత్రకు ఇంతకంటే మంచి దారి ఏ ఇంజనీరూ గీయలేడు. తోటపల్లి, గుండారం, బేగంపేట, వడ్లూరు, గాగిల్లాపూర్, దాచారం, కల్లేపల్లి లాంటి ఊర్ల పెద్దమనుషులను కూర్చోబెట్టి అడిగితే, ఏ బాట ఎక్కడికి పోయేదో, ఎక్కడ తెగిందో ఒక్క పూటలో చెప్పేస్తారు. ఆ జ్ఞానాన్ని వాళ్లుండగానే కాగితం మీదికి ఎక్కించుకోవాలి. ఈ పని కాలేజీ పిల్లలు చేయవచ్చు. ఫోనులో మ్యాపు ఉంది కదా అనుకుంటారేమో, ఆ మ్యాపుకు డొంక తెలియదు.

ఇక నీటి సంగతి. నన్ను అడిగితే ఈ నేలలో సైకిల్‌కు అసలు బలం ఇక్కడే ఉంది.

పాతకాలపు గొలుసుకట్టు చెరువులు మనందరికీ తెలుసు. పై చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీరు ఒర్రె గుండా కింది చెరువుకు చేరుతుంది. ప్రతి చెరువుకూ ఒక కట్ట. 2015లో మిషన్ కాకతీయ మొదలైనాక చాలా చెరువుల కట్టలను వెడల్పు చేసి, మొరం పోసి, చదును చేశారు. ఒక కట్ట మీద సైకిల్ తొక్కితే ఒక పక్క నీళ్లు, ఒక పక్క కొబ్బరాకు రంగు పొలాలు, పైన గాలి. కట్ట దాటగానే ఒర్రె వెంబడి ఒక బాట, ఆ బాట చివర ఇంకో కట్ట. కాకతీయుల కాలం నుంచి ఇక్కడి వ్యవసాయం ఈ గొలుసు మీదనే నడిచింది. బెజ్జంకికి దగ్గరలోనే ఉన్న శనిగరంలో 11వ శతాబ్దపు కాకతీయ శాసనం ఉంది. అప్పటికి ఓరుగల్లు ఇంకా రాజధాని కాలేదు. ఈ ప్రాంతాన్ని సబ్బినాడు అనేవారు. శనిగరం చెరువు నీటి దాకా సైకిల్ మీద పోయి, నీడన కూర్చుని, దాదాపు వెయ్యేళ్ల కిందట ఇదే ఊరి పేరు రాతి మీద చెక్కారని తలచుకోవడం వేరు, పుస్తకంలో చదవడం వేరు.

పాత చెరువుల తర్వాత కొత్త కాలువలు వచ్చాయి. కాళేశ్వరం ఎత్తిపోతల నీరు మధ్యమానేరు నుంచి ఈ దిక్కుకే వస్తుంది. మధ్యమానేరు పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 318 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి సొరంగంలో తిప్పాపూర్ దాకా వచ్చిన నీటిని పంపులతో అనంతగిరి జలాశయానికి, అంటే 397 మీటర్ల ఎత్తుకు ఎక్కిస్తారు. అనంతగిరి నుంచి చందలాపూర్ దగ్గర రంగనాయక సాగర్‌కు 490 మీటర్లు. ఆపైన మల్లన్నసాగర్ 557, కొండపోచమ్మ సాగర్ 618. నీళ్ల లెక్కగా చెప్పే ఈ అంకెలు సైకిల్ తొక్కేవాళ్లకు దారి లెక్క కూడా. మానేరు నుంచి కొండపోచమ్మ దాకా మొత్తం ఎక్కుడు 300 మీటర్లు. రెండు మూడు రోజుల మీద పంచుకుంటే కాళ్లకు తెలియను కూడా తెలియదు.

పంపులు ఎత్తేది ఒక్కో చోట మాత్రమే. ఆపైన కాలువలో నీరు తనంతట తానే పారాలి. అలా పారడానికి పెద్ద కాలువలకు ఇచ్చే వాలు చాలా స్వల్పం, కొన్ని వేల మీటర్ల పొడవుకు ఒక్క మీటరు దిగుడు. అందుకే కాలువ గుట్ట అడ్డం వస్తే గుట్ట అంచు పట్టుకుని మెలికలు తిరుగుతుంది, ఎత్తు మాత్రం మారనివ్వదు. దాని కట్ట మీద ఇంజనీర్ల జీపుల కోసం వేసిన బాట కూడా అంతే చదునుగా పోతుంది. గుట్టల నడుమ ఎక్కుడూ దిగుడూ లేని దారి కావాలంటే కాలువ కట్టను మించింది లేదు.

ఇది మన కొత్త ఆలోచన కూడా కాదు. ఫ్రాన్స్ దక్షిణాన కెనాల్ దు మిదీ అని 240 కిలోమీటర్ల కాలువ ఉంది. 1681లో పూర్తయింది. పడవలను గుర్రాలతో లాగించడానికి దాని గట్టున బాట వేశారు. సరుకు పడవలు పోయాయి, గుర్రాలు పోయాయి, బాట మిగిలింది. ఇప్పుడు ఆ బాట మీద సైకిల్ యాత్రికులు ఊరూరా ఆగుతూ తిరుగుతున్నారు. మన గోదావరి డెల్టాలో కాటన్ కాలువల గట్ల మీద పడవల తాళ్లు భుజాన వేసుకుని మనుషులు నడిచిన కాలం ఉంది. పని కోసం వేసిన దారి మరో తరానికి తిరిగే దారి కావడం ఎక్కడైనా సహజం.

ఇక ఒక రోజు దారి చెబుతాను. బెజ్జంకి గుట్ట కింద పొద్దు పొడవకముందే బయలుదేరి పడమటికి, ఇల్లంతకుంట దిక్కు పోవాలి. రాజన్న సిరిసిల్ల జిల్లా సరిహద్దు మనకు తెలియకుండానే దాటుతాం. ఈత చెట్ల కింద సైకిల్‌కు లొట్లు కట్టుకున్న గౌడన్న ఎదురవుతాడు. పాల కేంద్రం దగ్గర నలుగురు నిలబడి ఉంటారు. కొత్త మనిషి సైకిల్ మీద కనిపిస్తే ఈ ఊర్లలో పలకరించకుండా పోనివ్వరు. "ఏ ఊరు బిడ్డా? ఇంత దూరం సైకిల్ మీదనే వచ్చినవా?" అని ఒక అవ్వ అడుగుతుంది. అడిగినాక మంచినీళ్లు ఇవ్వకుండా ఊరుకోదు. కారు అద్దాలు దించి ఈ మాట వినలేం. మోటారు సైకిల్ చప్పుడులోనూ వినపడదు.

ఎండ ఎక్కేలోపు అనంతగిరి జలాశయం చేరవచ్చు. మూడు దిక్కులా గుట్టలు, నడుమ నీలం నీరు. చూసినవాళ్లు మాట లేకుండా నిలబడిపోతారు. అక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. ఆ నీటి కింద అనంతగిరి అనే ఊరు ఉండేది. మధ్యమానేరు కింద ఊర్లు పోయాయి, మల్లన్నసాగర్ కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊర్లు పోయాయి. ఇళ్లు, బొడ్రాయి, పొలాలు, పెద్దల సమాధులు అన్నీ వదులుకుని జనం లేచిపోతేనే ఈ నీరు నిలిచింది. కట్ట మీద సైకిల్ దారి అని బోర్డు పెట్టే రోజు వస్తే, ఆ బోర్డు పక్కనే మునిగిన ఊరి పేరు, ఆ ఊరి బొమ్మ, అక్కడివాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారన్నది కూడా రాయాలి. దారి పొడవునా చిన్న టీ కొట్టు, సైకిల్ అద్దె దుకాణం పెట్టుకునే అవకాశం మొదట వాళ్ల పిల్లలకే ఇవ్వాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

దక్షిణానికి తిరిగితే చిన్నకోడూరు మండలం, రంగనాయక సాగర్. 2020 ఏప్రిల్‌లో నీళ్లు నింపిన ఈ జలాశయం నడుమ ఒక గుట్ట ఉంది. సెలవు రోజుల్లో సిద్దిపేట జనం ఇక్కడికే వస్తారు కాబట్టి ఆదివారం కట్ట మీద కార్ల రద్దీ ఉంటుంది. వారం మధ్యలో పోవడం మేలు. సిద్దిపేటకు 2023 అక్టోబరు నుంచి రైలు వస్తోంది. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లి దాకా వేస్తున్న ఆ లైను సిరిసిల్ల, వేములవాడ మీదుగా పోతుంది. అది పూర్తయిన రోజు, సిద్దిపేటలో దిగి, బెజ్జంకి గుట్టల నడుమ నాలుగు రోజులు తిరిగి, వేములవాడలో రైలెక్కి ఇంటికి పోవడం సాధ్యమవుతుంది. రైల్వేవారు ఆ బండ్లలో సైకిల్ పెట్టుకునేందుకు ఒక మూల చోటు చూపాలని ఇప్పటి నుంచే అడగాలి.

తూర్పు దిక్కు కథ కొంచెం కష్టం. కోహెడ, హుస్నాబాద్ పోవాలంటే రాజీవ్ రహదారిని అడ్డంగా దాటాలి. నాలుగు వరుసల రోడ్డు, నడుమ డివైడరు, రెండు పక్కల నుంచీ వేగంగా వచ్చే లారీలు. సైకిల్ యాత్రికుడు ఎప్పుడో ఒకసారి దాటుతాడు. బడి పిల్లలు, కూలికి పోయే ఆడవాళ్లు, గొర్లు తోలుకుపోయేవాళ్లు రోజూ దాటుతారు. రహదారి కింది నుంచి ఒర్రెల నీరు పోవడానికి కల్వర్టులు కడతారు. ఎండాకాలం అవి పొడిగా ఉంటాయి. వాటిలో మనిషి నిలబడి పోగల ఎత్తున్నవి ఎన్నో చూసి, వీలైన చోట నేల చదును చేసి సైకిల్ బాటగా మార్చే పని తక్కువ ఖర్చుతో అవుతుంది. దాటినాక ఆవల మోయతుమ్మెద వాగు. ఆ వాగు ఆవల గుట్టలు మళ్లీ దగ్గరవుతాయి. హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టలు ఉన్నాయి. 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి, వారి సహచరులు నిజాం బలగాలతో పోరాడి ప్రాణాలు విడిచింది అక్కడే. కరీంనగర్ పక్కన పోలంపల్లిలో పుట్టిన ప్రభాకరరావు దళం ఊరూరా పటేల్ పట్వారీల దస్త్రాలు కాల్చుకుంటూ తిరిగింది ఈ బాటల మీదనే. ఆ గుట్టల దాకా సైకిల్ మీద పోవడాన్ని నేను యాత్ర అనే అంటాను.

దారులు ఇన్ని ఉన్నప్పుడు తప్పిపోతామన్న భయం సహజం. దీనికి బెల్జియంలో ఒక చక్కటి ఉపాయం కనిపెట్టారు. అక్కడి లింబర్గ్ ప్రాంతంలో బొగ్గు గనులు మూతపడ్డాయి. గనుల ఇంజనీరుగా పనిచేసిన హ్యూగో బోలెన్ 1995లో సైకిల్ దారుల కోసం ఒక పద్ధతి తయారుచేశాడు. రెండు దారులు కలిసే ప్రతి చోటా ఒక అంకె. ఒక అంకె దగ్గర నిలబడితే పక్క అంకెలు ఏ దిక్కున ఉన్నాయో బాణం గుర్తు చూపిస్తుంది. పొద్దున బయలుదేరేటప్పుడు చీటీ మీద నాలుగైదు అంకెలు రాసుకుంటే చాలు, మ్యాపు అవసరం లేదు. ఆ పద్ధతి లింబర్గ్ నుంచి నెదర్లాండ్స్ అంతా పాకింది. మనకు ఇది అతికినట్టు సరిపోతుంది. బండరాళ్లకు కొదవలేని నేల ఇది. ఊరి మలుపులో ఉన్న రాతికి సున్నం వేసి, ఒక అంకె, రెండు బాణాలు రాస్తే అయిపోతుంది. చదువు రాని ముసలాయన కూడా "పదకొండు నంబరు గుండు దగ్గర ఎడమకు తిరుగు" అని దారి చెప్పగలడు.

కాలువ కట్టలకు మాత్రం నీటిపారుదల శాఖ ఒప్పుకోవాలి. కట్ట మొదట్లో రెండు రాతి స్తంభాలు, నడుమ సైకిల్ దూరేంత సందు పెడితే లారీలు, ట్రాక్టర్లు రావు. శాఖ జీపు కోసం పక్కన తాళం వేసిన గేటు ఉంటుంది. సిమెంటు వేసిన కాలువ అంచులు నున్నగా జారుతాయి, పడినవాళ్లు ఎక్కి రాలేరు. అందుకని పట్టుకుని పైకెక్కే ఇనుప కడ్డీలు కాలువ గోడకు అక్కడక్కడా బిగించాలి, మలుపుల్లో అడ్డుకట్ట కట్టాలి. ఇది సైకిల్ వాళ్ల కంటే ముందు అక్కడ గొర్లు మేపే పిల్లల కోసం చేయాలి.

లారీల మాట వచ్చింది కాబట్టి క్వారీల గురించి చెప్పకుండా ఉండలేను. కరీంనగర్ గ్రానైటుకు విదేశాల్లో గిరాకీ ఉంది. గుట్టను కోసి, దిమ్మలుగా తీసి, ఊరి రోడ్ల మీదుగా తరలిస్తారు. చిన్న రోడ్డు ఆ బరువు తట్టుకోలేదు. పోయిన గుట్ట తిరిగి రాదు. బతుకుదెరువు పేరుతో గుట్టలు తవ్వేటప్పుడు, నిలబడి ఉన్న గుట్ట కూడా పదిమందికి బతుకుదెరువు ఇవ్వగలదని గ్రామసభలో చెప్పడానికి ఒక ఆధారం కావాలి. సైకిల్ దారి ఆ ఆధారాల్లో ఒకటి.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ దారులు మొదట ఊరివాళ్లవి, ఆ తర్వాతే యాత్రికులవి. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చే పథకం పెట్టారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లల సంఖ్య బాగా పెరిగింది. బడి దూరంగా ఉన్న ఊర్లలో ఆ ఫలితం మరింత కనిపించిందని పరిశోధకులు చెప్పారు. సైకిల్ ఇవ్వడం సగం పని. ఆ పిల్ల లారీల పక్కన భయపడుతూ పోకుండా కట్ట మీదుగా బడికి చేరే దారి చూపడం మిగతా సగం. పక్క ఊరి హైస్కూలుకు పోయే పిల్లల దారులను ముందు గుర్తించి, యాత్రా దారిని వాటి మీదుగా వేస్తే రెండు పనులూ ఒకటే అవుతాయి. డొంకలు బాగుచేయడానికి ఉపాధి హామీ పథకం ఉంది, హరితహారంలో నాటిన చెట్లు కొన్ని చోట్ల ఇప్పటికే నీడనిస్తున్నాయి.

బయలుదేరాలనుకునేవారికి కొన్ని సంగతులు. వానకాలం వెళ్లి బతుకమ్మ పండుగ వచ్చే రోజులు మొదలుకొని మాఘమాసం దాకా ఈ నేల మీద తిరగడానికి మంచి కాలం. మొదట తంగేడు, గునుగు పూలు, గుట్టల మీద సీతాఫలాలు, దసరాకు పాలపిట్టలు. చలి పోయేనాటికి మోదుగు పూలు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎనిమిది తర్వాత రోడ్డు మీద ఉండొద్దు. కోతల రోజుల్లో రైతులు రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోస్తారు. కల్లాలు చాలకనే అలా పోస్తారు. ఆ కుప్పల మీద నుంచి సైకిల్ పోనీయకుండా దిగి నడిపించుకుపోవాలి. తుమ్మముళ్లు, పల్లేరుకాయలు టైరుకు గుచ్చుకుంటాయి కాబట్టి అతుకు సామాను, గాలిపంపు వెంట ఉండాలి. వాన పడి వాగు కాజ్‌వే మీదుగా పారుతుంటే, నీరు మోకాలి లోతే అనిపించినా దాటొద్దు. మోయతుమ్మెద వాగు దగ్గర ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. నీరు తగ్గేదాకా ఊర్లో ఆగితే, పడుకోవడానికి చోటు చూపేవాళ్లు ఆ ఊర్లోనే దొరుకుతారు.

పనికి ఎక్కడో ఒకచోట మొదలు పడాలి. బెజ్జంకి గుట్ట కింద నుంచి ఇల్లంతకుంట మీదుగా అనంతగిరి కట్ట దాకా ఒక్క దారిని ముందు తీసుకుందాం. ఆ దారి మీద ఉన్న పంచాయతీలు తమ తమ గ్రామసభల్లో తీర్మానం చేసి, రెండు జిల్లాల కలెక్టర్లకూ, నీటిపారుదల శాఖకూ పంపవచ్చు. కరీంనగర్, సిద్దిపేట కాలేజీల్లో ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఈ చలికాలం శిబిరం అక్కడే పెట్టుకుని, బాటలు కొలిచి, రాళ్లకు అంకెలు వేయవచ్చు. ఒకటో నంబరు రాయి బెజ్జంకి గుడి మెట్ల దగ్గర ఉంటే బాగుంటుందని నా కోరిక. మిగతా నంబర్లు ఎక్కడ పడాలో ఆ ఊర్లవాళ్లే తేల్చుకుంటారు.